పది వేల అడుగుల దగ్గర తడబాటు

ఆల్టిట్యూడ్ కిటికీలో 10000 అని వెలుగుతోంది. నాబ్‌ను ఒక్క క్లిక్కు కుడికి తిప్పితే 10100 కావాలి. బోయింగ్ 737లో ఆ నాబ్ లెక్క అదే, క్లిక్కుకు వంద అడుగులు. ఇంట్లో కట్టుకున్న ఈ కాక్‌పిట్‌లో మాత్రం అంకె ఒక్క ఊపున 10300కు ఎగిరింది. మరో క్లిక్కు తిప్పితే 10200కు దిగింది. ఇంకోటి తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాతి క్లిక్కుకు, ఏమీ ఎరగనట్టు, బుద్ధిగా వంద పెరిగింది.

కట్టుకున్నవాడు తల పట్టుకుంటాడు. పక్కన కూర్చున్న నాలాంటివాడు కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. పూర్తయిన ప్యానెల్ అందంగానే ఉంటుంది, కాదనను. బూడిదరంగు పెయింటు, లేజర్‌తో చెక్కిన అక్షరాల వెనకనుంచి పసుపుపచ్చ వెలుతురు, వేళ్లకు చల్లగా తగిలే నాబ్‌లు. కానీ అది అసలు విమానం నుంచి అరువు తెచ్చుకున్న అందం. ఈ ఇంట్లో, ఈ బల్ల మీద పుట్టిన అందమంటూ ఏదైనా ఉంటే అది ప్యానెల్‌ను బోర్లా తిప్పి, తప్పెక్కడుందో వెతికే పనిలోనే ఉంది.

సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కూడా కావ్యప్రకాశంలో దోషాలను ముందు పెట్టి గుణాలను వెనక పెట్టాడు. ఏడో ఉల్లాసమంతా, అంటే ఏడో అధ్యాయమంతా, దోషాలే, గుణాల వంతు ఎనిమిదోదాంట్లో గానీ రాదు. రసానికి ఏది, ఎక్కడ, ఎలా అడ్డుపడుతుందో విడమరిచి చెప్పగలిగినవాడే గుణాల జోలికి రావాలన్నట్టు కనిపిస్తుంది నాకా వరస. మైక్రోకంట్రోలర్ల పక్కన మల్టీమీటరు పట్టుకుని కూర్చునేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే లక్షణగ్రంథం లేదని నా అభిప్రాయం. వాళ్లు దాన్ని చదవరనుకోండి, అది వేరే సంగతి.

సరంజామా పెద్దదేం కాదు. కంప్యూటర్‌లో ఎక్స్-ప్లేన్ గానీ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గానీ నడుస్తుంటుంది. దాని ముందు చెక్కతోనో యాక్రిలిక్‌తోనో కోసుకున్న ప్యానెళ్లు, వాటికి బిగించిన స్విచ్చులు, నాబ్‌లు, అంకెల డిస్‌ప్లేలు. రెంటికీ మధ్య దుబాసీ ఒక ఆర్డుయినో మెగా బోర్డు. 54 డిజిటల్ పిన్నులు, 16 అనలాగ్ పిన్నులు, సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు కొట్టే చిప్. 2005లో ఇటలీలోని ఇవ్రేయా ఊళ్లో డిజైన్ విద్యార్థుల కోసం మొదలైన ఆర్డుయినో వంశం ఇవాళ కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్ల పక్కనే దొరుకుతోంది. నేల మీద కూర్చుని విమానం నడపాలన్న సరదా అంతకంటే చాలా పాతది. ఎడ్విన్ లింక్ 1929లో కట్టిన ట్రైనర్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రం బింగమ్‌టన్‌లో, వాళ్ల నాన్నగారి పియానోల, ఆర్గన్ల కర్మాగారంలో. ఆర్గన్‌కు ఊపిరి పోసే తిత్తులే ఆ పెట్టెను అటూ ఇటూ ఒరిగించేవి. 1934లో అమెరికా సైన్యం అలాంటివి ఆరు కొన్నది. వాద్యాలు చేసే చేతులు విమానాన్ని ఒరిగించాయన్న ఈ సంగతి నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చినా కొత్తగానే ఉంటుంది.

ఇక నాబ్. దాని కింద ఉన్నది రోటరీ ఎన్‌కోడర్, బయటికి మూడు కాళ్లున్న చవక వస్తువు. విప్పి చూస్తే లోపల చిన్న చక్రం, దాని మీద పలకలు పలకలుగా లోహం, వాటిని రాసుకుంటూ సన్నని నాలుకలు. చక్రం తిరిగేకొద్దీ నాలుక ఒకసారి లోహాన్ని తాకుతుంది, ఒకసారి వదిలేస్తుంది. అలాంటి తాకిళ్లు రెండు వరసలు, ఒకదానికంటే ఒకటి పావు వంతు ఎడంగా అమర్చి ఉంటాయి. కుడికి తిప్పితే మొదటిది ముందు తాకుతుంది, ఎడమకు తిప్పితే రెండోది. దిక్కు తెలియడానికి చిప్ దగ్గర ఉన్న ఆధారం ఆ పావు వంతు ఎడం ఒక్కటే.

లాజిక్ అనలైజర్ తగిలించి నాబ్‌ను నెమ్మదిగా తిప్పండి. తెరమీద ఒకదాని కింద ఒకటిగా రెండు గీతలు నడుస్తాయి, కోలాటంలో ఒకే పాటకు అడుగేస్తున్న రెండు జట్లలో ఒకటి మరోదానికి పావు దరువు వెనక నడిచినట్టు. తాకితే 1, వదిలితే 0 అని చదువుకుంటే వరస ఇలా వస్తుంది: 00, 10, 11, 01, మళ్లీ 00. ఏ అడుగులోనైనా మారేది ఒక్క అంకే, రెండూ కలిసి ఎప్పుడూ మారవు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రేకు 1953లో పేటెంటు తెచ్చిపెట్టిన కోడ్‌కు ఇది అతి చిన్న రూపం. అడుగుకు ఒక్కటే మారాలన్న ఈ కట్టుబాటు ఛందస్సులో యతి లాంటి అలంకారమని తొలిచూపులో అనిపిస్తుంది. కాసేపట్లో అదే ప్రాణం కాపాడుతుంది.

ఇప్పుడు ఆ గీతల అంచును పెద్దది చేసి చూడాలి. దూరంనుంచి నిటారుగా కనిపించినది దగ్గరికొస్తే ముళ్లకంప. లోహం లోహాన్ని తాకి, ఎగిరి, మళ్లీ తాకి, మళ్లీ ఎగిరి, కొన్ని మిల్లీసెకన్ల పాటు కుదురుకోదు. వేలికి అదంతా కలిపి ఒక్క క్లిక్కు. మిల్లీసెకనుకు పదహారు వేల టిక్కులు కొట్టే చిప్‌కు మాత్రం అదొక సుదీర్ఘమైన రభస.

కోడ్ రాసినవాడు చిప్‌కు ఇచ్చిన ఆజ్ఞ ఇంత: మొదటి నాలుక తాకినప్పుడల్లా ఒక క్లిక్కు లెక్కపెట్టు, అప్పటికి రెండో నాలుక తాకి ఉంటే ఎడమ, లేకపోతే కుడి. వినడానికి ఎంత బాగుందో! ఇక తడబాటుకు అర్థం చెప్పుకుందాం. మొదటి క్లిక్కులో నాలుక ఎగిరెగిరి మూడుసార్లు తగిలింది, మూడు కుడులు, 10300. రెండో క్లిక్కులో తాకడం శుభ్రంగానే జరిగింది, ఒక కుడి. కానీ వదిలేటప్పుడు నాలుక రెండుసార్లు మళ్లీ తగిలింది. అప్పటికి రెండో నాలుక తాకి ఉంది గనక అవి రెండూ ఎడమ లెక్కలో పడ్డాయి. ఒకటి కూడి రెండు తీసేస్తే వంద తగ్గింది, 10200. మూడో క్లిక్కులో ఒక కుడి, ఒక ఎడమ, చెల్లుకు చెల్లు. నాలుగోదానిలో ఏ రభసా లేదు. అంత అరాచకంగా కనిపించిన ప్రవర్తనలో కారణం లేని అంకె ఒక్కటీ లేదు. చిప్ ఎక్కడా అబద్ధమాడలేదు, అడిగినదానికి అడిగినట్టే జవాబిచ్చింది.

ఈ మెట్టు దగ్గరే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అద్భుత రసానికి విస్మయం స్థాయిభావమంటారు. సాధారణంగా విస్మయం కారణం తెలియనంతసేపే ఉంటుంది, తెలిశాక ఆరిపోతుంది. ఇక్కడ కారణం తెలిశాకే మొదలవుతుంది.

మందుల సంగతికొస్తే, చాలామంది మొదట చేసేది డిలే పెట్టడం. ఒకసారి తాకగానే ఇరవై మిల్లీసెకన్లు కళ్లు మూసుకొమ్మని చిప్‌కు చెప్పడం. ల్యాండింగ్ లైట్ల టాగుల్ స్విచ్చుకు అది చక్కగా సరిపోతుంది. అదే మందు ఎన్‌కోడర్‌కు వేస్తే విషం. చుట్టుకు 24 క్లిక్కులున్న నాబ్‌ను సెకనుకు రెండు చుట్లు తిప్పితే, క్లిక్కుకు నాలుగు మార్పుల చొప్పున, సుమారు ఐదు మిల్లీసెకన్లకొక మార్పు వస్తుంది. ఇరవై మిల్లీసెకన్లు నిద్రపోయే చిప్ ముప్పాతిక భాగం చూడనే చూడదు. వేగంగా తిప్పినకొద్దీ అంకె నెమ్మదిస్తుంది! ఆలంకారికులు అనిత్యదోషమని ఒక వర్గం చేశారు. పరుషమైన అక్షరాలు శృంగారంలో దోషం, రౌద్రంలో అవే శోభ. ఇక్కడ దాన్ని తిరగేసి చదువుకోవాలి. ఒక స్విచ్చుకు గుణమైన నిదానం పక్కనున్న నాబ్‌కు దోషం.

అసలు మందు వేరే ఉంది, అది ఈ కళలో నాకు తెలిసిన అతి చక్కని పద్యం. చిప్ చేత పాత స్థితినీ కొత్త స్థితినీ పక్కపక్కన పెట్టించి, పదహారు గడుల చిన్న పట్టికలో చూసుకొమ్మంటారు. వరసలో ముందుకు ఒక అడుగైతే ఒకటి కూడు, వెనక్కి అయితే ఒకటి తీసెయ్, కదలకపోతే సున్నా. నాలుగు అడుగులు పోగైతే ఒక క్లిక్కు. ఇప్పుడు నాలుక ఎంత ఎగిరిపడనీ, అది ఊగేది రెండు పక్కపక్క స్థితుల మధ్యనే. కూడు, తీసెయ్, కూడు, తీసెయ్, కూడు. చివరికి మిగిలేది ఒకటే. రభసను అణచలేదు, వడగట్టలేదు, కళ్లు మూసుకోలేదు. మొత్తం వినిపించుకున్నారు, అది తనను తానే కొట్టేసుకుంది. అడుగుకు ఒక్క అంకే మారాలన్న ఆ కట్టుబాటు లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. 00 నుంచి ఒక్కసారిగా 11కు దూకినట్టు చిప్‌కు కనిపిస్తే, ఆ దూకుడు అసంభవం గనక పట్టికలో దాని గడి సున్నా. అలాంటివి మాటిమాటికీ కనిపిస్తున్నాయంటే చిప్ మరేదో పనిలో పడి ఆలస్యంగా చూస్తోందని అర్థం.

ఇంత చేశాక కూడా ఒక సన్నని దోషం మిగలవచ్చు. అంకె క్లిక్కు మీద మారదు, రెండు క్లిక్కుల మధ్య, నాబ్ ఇంకా గాడిలో కుదురుకోకముందే మారిపోతుంది. లెక్క తప్పు కాదు, నూరు క్లిక్కులకు నూరు వందలే వస్తాయి. కానీ వేలికి ఒకటి, కంటికి ఒకటి. లెక్క మొదలుపెట్టే స్థితిని ఒక మెట్టు జరిపితే సరిపోతుంది. చాలామంది పట్టించుకోరు. పట్టించుకునేవాళ్లనే నేను రసికులంటాను.

రెండో రకం దోషంలో ఏ వస్తువూ పాడవదు. ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో ఒక స్విచ్చు ఎవరూ ముట్టుకోకుండానే ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. చెయ్యి వైరు దగ్గరికి తెస్తే ఆ చాంచల్యం పెరుగుతుంది, వెనక్కి తీస్తే తగ్గుతుంది. దయ్యమనడానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే స్విచ్చు బాగుంది, వైరు బాగుంది, టంకం బాగుంది. అసలు సంగతేమిటంటే స్విచ్చు తెరిచి ఉన్నప్పుడు ఆ పిన్ను దేనికీ కలిసి లేదు. 5 వోల్టుల చిప్‌కు ఒకటిన్నర వోల్టుల లోపు సున్నా, మూడు వోల్టుల పైన ఒకటి. ఆ మధ్యది ఎవరికీ చెందని నేల, అక్కడ ఏమని చదువుతుందో చిప్ తయారీదారు కూడా మాటివ్వడు. గాల్లో వేలాడే ఆ పిన్ను గోడలోని 50 హెర్ట్జ్ కరెంటునూ, మనిషి ఒంటినీ వింటూ ఆ నేలమీద అటూ ఇటూ తిరుగుతుంటుంది. కోడ్‌లో ఒక్క మాట మార్చితే చిప్ లోపలే ఉన్న ఇరవై నుంచి యాభై కిలో ఓముల రెసిస్టర్ దాన్ని 5 వోల్టుల వైపు మెల్లగా లాగి పట్టుకుంటుంది. స్విచ్చు వేస్తే గ్రౌండ్‌కు లొంగుతుంది, తీస్తే మళ్లీ పైకి వస్తుంది. ఎంత బలహీనమైన పట్టో! ఆ బలహీనతే దాని సొగసు. అంతకంటే గట్టిగా పట్టుకుంటే స్విచ్చు వేసిన ప్రతిసారీ కరెంటు వృథా.

మూడోది ఇంధనం పంపుల దగ్గర దొరుకుతుంది. పిన్నులు పొదుపు చేయడానికి స్విచ్చులను అడ్డవరసలు, నిలువువరసలుగా అల్లుతారు. ఎడమ ట్యాంకు పంపులు రెండు, కుడి ట్యాంకు పంపులు రెండు, నాలుగూ ఒక చతురస్రం మూలల్లో ఉన్నాయనుకోండి. మూడు వేయగానే నాలుగోది దానంతటదే ఆన్ అయినట్టు తెరమీద కనిపిస్తుంది. కరెంటు మూడు మూసిన స్విచ్చుల గుండా చుట్టూ తిరిగి, దొడ్డిదారిన నాలుగో మూలకు చేరింది. టైపు చేసే కీబోర్డు మీద మూడు మీటలు ఒకేసారి నొక్కి ఉంచే అవసరం అరుదు గనక ఈ దోషం దాక్కుని బతికేస్తుంది. కాక్‌పిట్‌లో స్విచ్చులు వేస్తే వేసినట్టే ఉంటాయి, అందుకని ఇంజను మొదలుపెట్టక ముందే బయటపడుతుంది. ప్రతి స్విచ్చుకూ ఒక 1ఎన్4148 డయోడ్, అన్నీ ఒకే దిక్కుకు నల్లగీత పెట్టి. ఆ డయోడ్ల బారును వెనకనుంచి చూడటం నాకు ముందునుంచి ప్యానెల్ చూడటం కంటే ఇష్టం. ఒక్కటి తిరగబడి ఉంటే కన్ను అక్కడే ఆగుతుంది.

థ్రాటిల్ పొటెన్షియోమీటర్లు వణకడం, అనలాగ్ పిన్నులో 1024 మెట్ల చివర అంకె గిలగిల్లాడటం, వీటిలో అంత రసం లేదు. మెట్టుకు ఐదు మిల్లీవోల్టుల కంటే తక్కువ. ఆమాత్రం కదలిక ఏ వైరులోనైనా ఉంటుంది. చిన్న కెపాసిటర్, కాస్త సగటు, అయిపోయింది.

పవర్ దగ్గర మాత్రం ఆగాలి. ఫ్లాప్స్ లివర్ కదిపితే గేజీలో ముల్లు తిప్పే సర్వో మోటారు ఒక్క ఊపు తీసుకుంటుంది. అదే క్షణంలో డిస్‌ప్లేలన్నీ మసకబారి, బోర్డు మీది చిన్న ఎల్‌ఈడీ టపటపా కొట్టుకుని, అంతా మొదటినుంచి మొదలవుతుంది. ఫ్లాప్స్ కోడ్‌లో తప్పుందని పేజీలకు పేజీలు చదువుతారు. కోడ్‌లో ఏమీ లేదు. పాత యూఎస్‌బీ పోర్టు ఇవ్వగలిగింది 500 మిల్లీయాంపులు, మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు అడిగేది అంతకంటే ఎక్కువ. వోల్టేజి కుంగింది, చిప్ సొమ్మసిల్లి లేచింది. మోటార్లకు వేరే సప్లై పెట్టాలి, రెంటి గ్రౌండ్లూ కలపాలి. ఆ రెండో సగం మరిచిపోతే సర్వో పిచ్చెత్తినట్టు వణుకుతుంది. ఎంత ఎత్తు అని చెప్పాలంటే ఎక్కడినుంచి అన్నది ఇద్దరికీ ఒకటే కావాలి గదా. విమానంలో ఎత్తుకు ఆధారంగా అందరూ ఒకే క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి ఒత్తిడి) పెట్టుకోవడం కూడా ఇందుకే.

అంకెల డిస్‌ప్లేలను నడిపే మ్యాక్స్ 7219 చిప్‌కు ఒక వింత జబ్బుంది. ఉన్నట్టుండి 8లన్నీ, చుక్కలతో సహా, నిండు వెలుగుతో నిలబడిపోతాయి. ఏ అంకె పంపినా వినదు. చిప్ చెడిపోలేదు. పదహారు బిట్ల సందేశంలో, పొడుగాటి వైరు మీద పడ్డ ఏదో మచ్చ వల్ల, బిట్లు జరిగి అది ‘డిస్‌ప్లే టెస్ట్’ అన్న ఆజ్ఞగా మారింది. వైరు పొట్టి చేసి, చిప్ కాళ్లకు ఆనుకుని 10 మైక్రోఫారడ్‌ది ఒకటి, 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి కెపాసిటర్లు పెడితే నయమవుతుంది. డేటాషీట్ కూడా అదే చెబుతుంది, ‘దగ్గరగా’ అని నొక్కి మరీ. నిజం 737లో ఇలాంటి దృశ్యాన్ని కావాలని చూస్తారు. లైట్స్ టెస్ట్ స్విచ్చు వేస్తే దీపాలు వెలుగుతాయి, వెలగనిదేదో తెలిసిపోతుంది. ఎయిర్‌బస్ వాళ్లది చీకటి కాక్‌పిట్ పద్ధతి, అంతా సవ్యంగా ఉంటే ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో దీపాలుండవు. ఇంటి కాక్‌పిట్‌లో చీకటికి రెండర్థాలు, సవ్యంగా ఉందనీ, వైరు ఊడిందనీ. ఈ శ్లేష విడదీయడానికే, విమానంలో లేకపోయినా సరే, ప్రతి ప్యానెల్‌కూ టెస్ట్ బటన్ ఉండాలని నా పట్టు.

వెతికే తీరులో కూడా శైలి ఉంటుంది. బోర్డు మార్చి, కేబుల్ మార్చి, లైబ్రరీ మార్చి, అన్నీ ఒకేసారి మార్చి, బాగైందని లేచి వెళ్లేవాడి పనిలో నాకు ఆనందం లేదు. ఏది నయం చేసిందో వాడికే తెలియదు. మంచి చెయ్యి దారిని సగానికి కోస్తుంది. స్విచ్చుకూ తెరకూ మధ్య ఎక్కడో తప్పుంది. సరిగ్గా నడిమధ్య, బోర్డు పిన్ను దగ్గర, ఒక చిన్న జంపర్‌తో గ్రౌండ్ తాకించి చూస్తాడు. తెర పలికితే తప్పు వైరు వైపు, పలకకపోతే కోడ్ వైపు. సగం ప్రపంచం ఒక్క తాకుతో నిర్దోషిగా విడుదలైపోతుంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం. మల్టీమీటరు కంటిన్యుటీ కూత ఎక్కడ ఆగిందో అక్కడ ముడి.

చివరి దోషం గేర్ లివర్ దగ్గరుంది. చక్రాలు దించే ఆ లివర్ కొస చక్రం ఆకారంలో ఉండటం, ఫ్లాప్ లివర్ కొస రెక్క ఆకారంలో ఉండటం అలంకారం కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పైలట్లు నేల మీదికి వచ్చాక ఫ్లాప్స్ అనుకుని చక్రాలు ముడిచేస్తుంటే, ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేతికి తేడా తెలిసేలా ఆకారాలు పెట్టమన్నాడు. నేటికీ అమెరికా విమాన నియమావళిలో ఆ ఆకారాలున్నాయి. ఇంటి కాక్‌పిట్‌లో అంత శ్రద్ధగా చక్రం చెక్కి, లివర్‌ను కిందికి కొడితే మూడు పచ్చదీపాల్లో రెండే వెలుగుతాయి. మళ్లీ కొడితే మూడూ వెలుగుతాయి. మూడోసారి ఒక్కటే. ఇదొక్క దోషాన్ని మాత్రం నేను రసం లెక్కలో చేర్చను. దీని వెనక గ్రే కోడ్ లేదు, దొడ్డిదారి కరెంటు లేదు, కుంగిన వోల్టేజి లేదు. లివర్ అదిరినప్పుడల్లా పిన్ను మీంచి సగం జారే జంపర్ వైరు ఉంది. దానికి పట్టికా లేదు, డయోడూ లేదు. ఊడబెరికి, క్రింప్ కొట్టిన కనెక్టరో స్క్రూ టెర్మినలో పెట్టి, ఒకసారి గట్టిగా లాగి చూడటమే. ఆ రంగురంగుల వైర్లను బ్రెడ్‌బోర్డు దాకా రానివ్వండి, కాక్‌పిట్ గడప దాటనివ్వకండి.